చాచా వంగిన మలుపు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదు. ఇప్పుడు తెలియనివాటి జాబితా ఏటేటా పెరిగిపోతోంది గానీ, ఇరవై నాలుగేళ్ల వయసులో, చేతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పట్టా, కింద ఒక సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ ఉన్నవాడికి తెలియనిది ఇంకేముంటుంది? ఎవరైనా చెత్త విసిరితే అది డబ్బాలో పడిందా లేదా అని చూసేవాణ్ని కాదు, అది గాలిలో గీసిన వంపు చూసేవాణ్ని. ఒకరోజు మా అవ్వకు (మా వైపు అమ్మను అవ్వ అంటాం) కుక్కర్‌లో ఆవిరి పీడనం ఎలా పుడుతుందో వివరిస్తున్నాను. అవ్వ కాసేపు ఓపిగ్గా విని, "నీ సదువు సల్లగుండ, ముందుగాల పొయ్యి బందు చెయ్యి కొడుకా, పప్పు మాడుతున్నది" అంది. ఆ ఒక్క మాటలో నా జీవితానికి సరిపడా హెచ్చరిక ఉందని ఆనాడే తెలుసుకుని ఉంటే, ఈనాడు ఇది రాసుకుంటూ కూర్చునే పని తప్పేది.

మాది హుజూరాబాద్. మొదటి ఉద్యోగం నిర్మల్‌లో, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. ఖానాపూర్ పోయే రోడ్డు పక్కన మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. గది కింద మోటార్ సైకిళ్ల రిపేరు షాపు. దాని యజమానిని ఊరంతా డావా చాచా అనేవారు. డావా అంటే ఎడమ. మరాఠీ నుంచి నడిచొచ్చి ఆ వైపు మాటల్లో స్థిరపడిపోయిన పదం. చాచా ఎడమచేతి వాటం మనిషి. పానా పట్టినా ఎడమ చేతే, చాయ్ గ్లాసు పట్టినా ఎడమ చేతే. (అన్నం మాత్రం కుడి చేత్తో తినేవాడు, అది కూడా ఆయన భార్య, మా చాచి, చూస్తుందన్న భయంతో.) యాభై ఏళ్లు దాటిన వయసు, మెహిందీ పెట్టిన గడ్డం, ఎప్పుడూ నూనె మరకలున్న నీలం చొక్కా.

ఆ ఎడమ చేతి గురించి కొంచెం చెప్పాలి. ఇంజన్ నట్లు ఎంత బిగించాలో కొలిచే సాధనం చాచా షాపులో ఉండేది కాదు. చెయ్యే కొలత. పానా తిప్పుతూ తిప్పుతూ ఒక చోట టక్కున ఆగిపోయేవాడు. ఎక్కువ బిగిస్తే మర తెగుతుంది, తక్కువైతే నూనె కారుతుంది. చాచా చేతిలో ఈ రెండూ ఎన్నడూ జరగలేదు. అందుకే భైంసా నుంచీ మంచిర్యాల నుంచీ కూడా బళ్లు వచ్చేవి. "ఎట్ల తెలుస్తది చాచా?" అని ఒకసారి అడిగాను. "నట్టే చెప్తది సార్, ఇగ సాలు అని. మనం ఇనాలె, గంతే" అన్నాడు. అని, మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "గీ చెయ్యి మంచిగున్నన్ని దినాలు నాకు, మీ చాచికి బుక్కెడు బువ్వకు ఫికర్ లేదు" అని నవ్వాడు. ఆ మాట నేను విన్నాను. విని కూడా చేసిందంతా చేశాను.

ఫోన్లలో వీడియోలు చూడటం కొత్తగా అలవాటైన కాలమది. ఎక్కడో విదేశాల్లో రేసు బళ్ల మీద మనుషులు మలుపుల్లో సీటు దిగిపోయి, మోకాలు నేలకు రాస్తూ పోవడం చూశాను. చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి నోటు పుస్తకంలో బొమ్మలు గీశాను. మలుపు తిరిగేటప్పుడు మనిషీ బండీ కలిసి లోపలికి ఇంత వంగాలని లెక్క ఉంటుంది. మనిషి తన ఒంటిని మలుపు లోపలి వైపు దించితే, రెండింటి బరువు కలిసే చోటు లోపలికి జరుగుతుంది, కాబట్టి బండి అంతగా వంగాల్సిన పని లేదు, కాస్త నిలబడే ఉంటుంది, టైరు అంచు మీద కాకుండా నిండుగా నడుస్తుంది. ఇక్కడి దాకా నిజమే. దాని నుంచి నేను లాగిన ముగింపే అన్యాయం. ఒళ్లు వంచడం తెలిసినవాడు ఎంత వేగంగానైనా మలుపు తిరగొచ్చని ముగించి, కింద రెండు గీతలు కొట్టుకున్నాను.

రేసు వాళ్ల మోకాలికి ఒక గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, నేలకు రాసుకోవడానికి. అలాంటిది నిర్మల్ అంగడిలో ఎక్కడ దొరుకుతుంది? నా సబ్బు డబ్బా మూత తీసి, చాచా పారేసిన పాత ట్యూబు రబ్బరుతో ఎడమ మోకాలికి కట్టుకున్నాను. పొద్దున్నే మెట్లు దిగుతుంటే చాచా షట్టర్ లేపుతున్నాడు. నన్ను కింది నుంచి పైకి, మళ్లీ పై నుంచి కిందికి చూశాడు. "ఏంది సార్, రోడ్డు మీద తానం జేస్తవా?" అన్నాడు. నేను కిక్కు కొట్టి బండి స్టార్ట్ చేశాను. విజ్ఞానం ఎప్పుడూ ఎగతాళిని దాటుకునే ముందుకు పోవాలని ఎక్కడో చదివినట్టు గుర్తు.

ఊరు దాటాక రెండు కిలోమీటర్లకు ఇటుక బట్టీ దగ్గర ఒక ఎడమ మలుపు ఉండేది. వెడల్పైన మంచి మలుపు. పొద్దున్నే ఆ రోడ్డు మీద పాల సైకిళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. అక్కడ నెల రోజులు సాధన చేశాను. బట్టీ పనివాళ్లు మొదట్లో బండి మీద నుంచి పడిపోతున్నాననుకుని పట్టుకోవడానికి పరుగెత్తుకొచ్చేవారు. తర్వాత అలవాటు పడి, ముఖం కడుక్కుంటూ చూసేవారు. నిజం ఒప్పుకోవాలంటే, ఆ నెల రోజుల్లో సబ్బు డబ్బా మూత ఒక్కసారి కూడా రోడ్డుకు తగలలేదు. దానికీ రోడ్డుకూ మధ్య కోడిపిల్ల దూరిపోయేంత చోటు ఎప్పుడూ ఉండేది. అందుకని గదికి వచ్చాక దాన్ని గచ్చు మీద కాసేపు రుద్ది, గీతలు పెట్టి, కాలేజీలో పిల్లలకు చూపించేవాణ్ని. (ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.) పిల్లలు నాకు వంగుడు సార్ అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని పొంగిపోయాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ జ్ఞానం వంటబట్టినవాడికి శిష్యులు చాలరు, ఒక అజ్ఞాని కూడా కావాలి. నాకు చాచా దొరికాడు. చాచా బండి నడిపే తీరు వేరు. ఫోటో దిగేవాడిలా నడుము నిటారుగా పెట్టి కూర్చుంటాడు. మలుపులో ఆయన కింద బండి వంగుతుంది, ఆయన మాత్రం వంగడు. ఒకనాటి సాయంత్రం షాపు ముందు నా విద్యార్థులు ముగ్గురు, గిరాకీలు నలుగురు నిలబడి ఉండగా, చాక్‌పీసు తీసుకుని సగం దించిన షట్టర్ మీద రెండు బొమ్మలు గీశాను. ఒకటి నేను, ఒకటి చాచా. "చూడుండ్రి, చాచా సీదా కూసుంటడు కాబట్టి బండి గింత ఎక్కువ వంగాలె. టైరు అంచు మీద నడుస్తది. ఇది తప్పు పద్ధతి. ముప్పై ఏండ్ల సంది చాచా తప్పు నడుపుతుండు" అన్నాను. పిల్లలు నవ్వారు. గిరాకీలు కూడా నవ్వారు. తన షాపు ముందు, తన గిరాకీల మధ్య ఒక మనిషిని అలా నిలబెట్టడం ఏమిటన్న ఆలోచన నా లెక్కలో ఎక్కడా లేదు.

చాచా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి బొమ్మల్ని శ్రద్ధగా చూశాడు. "నువ్వు చెప్పేది నిజమే ఉండొచ్చు సార్, నేను సదువుకోలే. కని, ముంగట రోడ్డు మీద ఏమున్నదో తెల్వనప్పుడు మనిషి సీదా ఉంటే, బండి జారినా కాలు కింద వెడ్తడు. వంగినోడు బండితోనే పోతడు" అన్నాడు. మళ్లీ బొమ్మ దగ్గరికి వంగి, "గిండ్ల స్పీడ్ ఏడున్నది సార్?" అని అడిగాడు. మూలకు ఉన్న చిన్న వీ అక్షరాన్ని చూపించాను. "గంత పెద్ద మాటను గింత చిన్నగ రాసినవేంది?" అన్నాడు. ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

మర్నాడు పొద్దున చాచా తన బండి తీసి, నా చేతిలో నిండు చాయ్ గ్లాసు పెట్టి, "ఎన్క కూసో సార్" అన్నాడు. ఇటుక బట్టీ మలుపు దాకా పోయి, తిరిగి, మళ్లీ షాపుకు వచ్చాం. గ్లాసులో చాయ్ చుక్క తొణకలేదు. మలుపులో బండి వంగినప్పుడు కూడా గ్లాసు అంచుకు చాయ్ సమంగానే నిలిచింది. నిజానికి అది ఎంత చక్కటి ఫిజిక్స్! వేగానికి తగినంత వంపు ఉంటే, నేల ఇంకా తిన్నగా తన కిందే ఉందని చాయ్ అనుకుంటుంది. ఏ పుస్తకంలోనూ అంత అందమైన ప్రయోగం నేను చూడలేదు. అప్పుడు మాత్రం మూతి ముడుచుకుని, "మెల్లగ పోయినవ్ చాచా, గందుకే" అన్నాను. "మెల్లగ పోవుడు గూడ నడుపుడే సార్" అన్నాడు చాచా. "అయితే నేను నడుపుత. నువ్వు ఎన్క కూసొని గ్లాసు పట్టుకో. నా స్పీడుల గూడ చుక్క పడదు" అని సవాలు చేశాను. పక్కనే ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆలోగా దసరా సెలవులు వచ్చాయి. హుజూరాబాద్ వెళ్లి, రెండు వారాల తర్వాత తిరిగొచ్చాను. వచ్చిన మర్నాడే సవాలు. అవి మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఇంటికి చేరే రోజులు. మా వైపు ఆ కాలంలో రోడ్లన్నీ సగం కళ్లాలే. కంకి ఒలిచిన గింజలను రోడ్డు మీద ఓ పక్క పొడుగునా ఆరబోసి, అంచుకు రాళ్లు పేర్చి, రాత్రికి కప్పి, పొద్దున విప్పుతారు. నేను పుట్టి పెరిగింది ఆ మక్కల మధ్యే, నాకు తెలియంది కాదు. చాచా ఆ పొద్దున అన్నాడు కూడా: "మక్కలు ఆరబోసే దినాలు సార్. రోడ్డు రోడ్డు తీర్గ ఉండదు. ఇంకో పదిహేను దినాలు ఆగుదాం." కానీ ఫోన్లు పట్టుకుని నా విద్యార్థులు ముగ్గురూ వచ్చి నిలబడి ఉన్నారు. "నెల దినాలు తిరిగిన మలుపు చాచా. కండ్లు మూసుకొని తిరుగుత" అన్నాను. నేను పగ పట్టిన పిల్లాడిలా మాట్లాడుతున్నానని చాచాకు అర్థమై ఉంటుంది.

వెనక కూర్చునేవాడు ఎలా ఉండాలో పాఠం చెప్పాను. "నేను ఎటు వంగితే నువ్వు అటే వంగాలె. సీదా కూసుంటే నా లెక్క తప్పుతది. మలుపుల నా భుజం మీదకెళ్లి చూడాలె" అన్నాను. "ముప్పై ఏండ్ల సంది సీదా ఉన్న నడుము, ఒక్క పూటల వంగుమంటున్నవ్" అని చాచా నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత, "సరే తియ్. నువ్వు సార్‌వి. నువ్వు చెప్పినట్టే" అన్నాడు. చాచి లోపలి నుంచి చాయ్ పంపింది. గ్లాసు అందుకుంటూ, "ఏ చేతిల పట్టాలె సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకిప్పటికీ వినిపిస్తుంది. "నీకు ఏ చెయ్యి నమ్మకమైతే గా చేతిల" అన్నాను. "అయితే డావానే" అని నవ్వి, ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని, కుడి చెయ్యి నా నడుము చుట్టూ వేసి ఎక్కి కూర్చున్నాడు.

ఇటుక బట్టీ కనిపించగానే ఎక్సలేటర్ ఇంకొంచెం తిప్పాను, పిల్లలు షాపు దగ్గరే ఆగిపోయినా వాళ్లు చూస్తున్నట్టే ఉంది నాకు. మలుపు మొదట్లో సీటు మీద నుంచి ఎడమకు జరిగాను. సగం మనిషి బండి మీద, సగం మనిషి గాలిలో. అప్పుడు కనిపించింది. మలుపు మధ్యలో, సరిగ్గా నేను పోవాల్సిన లోపలి అంచున, ఎండలో పసుపు పచ్చగా, పది బారల పొడుగున మక్కలు. సీదాగా కూర్చున్నవాడైతే బండిని లేపి, పక్కకు తప్పించి, కనీసం కాలన్నా కింద పెట్టేవాడు. నేనేం పెట్టను? నా కాలు సబ్బు డబ్బాతో గాలిలో ఉంది. సరిగ్గా ఆ క్షణంలో నా ఎడమ చెవికి ఏదో గుచ్చుకుంది. చాచా గడ్డం. చెప్పింది చెప్పినట్టు, ముప్పై ఏళ్ల అలవాటును పక్కన పెట్టి, నా భుజం మీదుగా నిండుగా ఎడమకు వంగి ఉన్నాడు. ఆ వెంటనే టైరు కింద గింజలు దొర్లాయి. వంగినవాళ్లం వంగినట్టే బండితో పాటు పోయాం.

నెల రోజుల్లో ఎన్నడూ నేలకు తగలని సబ్బు డబ్బా మూత ఆ రోజు తగిలింది. తగిలి, ఎటో ఎగిరిపోయింది. నేను మెడ దాకా మక్కల్లో ఉన్నాను. మక్కల కాపలా కూర్చున్న ఒక ముసలవ్వ కర్ర పట్టుకుని లేచింది. "పండుకుంటానికి నీకు నా మక్కలే దొరికినయారా?" అని తిట్టుకుంటూ వచ్చి, నా వెనక చూసి కర్ర పారేసి, "అయ్యో నా కొడుకా!" అంటూ చాచా దగ్గరికి ఉరికింది. చాచా లేచి కూర్చున్నాడు. కుడి చేత్తో ఎడమ మణికట్టును పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. చాయ్ గ్లాసు పక్కనే మక్కల కుప్పలో, చిన్న పగులు కూడా లేకుండా నిలబడి ఉంది. పడేటప్పుడు గ్లాసు వదిలేసి ఉంటే ఆ చెయ్యి బతికేదేమో. చుక్క పడదని సవాలు చేశాను కదా, ఆయన వదల్లేదు. నొప్పితో ముఖమంతా చెమట పట్టినా మొదట అడిగిన మాట, "నీకేమన్న అయ్యిందా సార్?" నాకేమీ కాలేదు. మోకాలు గీరుకుపోయింది, అంతే. మూడు రోజులు నా బట్టల్లోంచి మక్కగింజలు రాలుతూనే ఉన్నాయి.

ఎవరిదో ఆటోలో షాపు దగ్గరికి వచ్చేసరికి జనం మూగారు. పిల్లలు ముగ్గురూ ముందే ఉన్నారు. "ఎట్ల పడ్డరు? ఎట్ల పడ్డరు?" అని అందరూ ఒకేసారి అడిగారు. నేను నోరు తెరిచాను. చెప్పేవాణ్నే. ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను, చెప్పేవాణ్నే అని. కానీ చాచా ముందే అందుకున్నాడు: "సార్ మంచిగనే నడిపిండు. నేనే ఎన్క వంగుడు మర్చిన. ముసలి నడుము, మాట ఇనలే." నా విద్యార్థి ఒకడు గర్వంగా, "అవ్, సార్ ముందే చెప్పిండు గద, ఎన్కున్నోళ్లు వంగకుంటే లెక్క తప్పుతదని" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను. పెద్దగా కాదు, కొంచెమే. కొంచెం ఊపితే అబద్ధం కూడా కొంచెమే అవుతుందని అనుకున్నట్టున్నాను. చాచి తన దుపట్టా చించి చాచా చేతికి జోలె కడుతూ, "గీ వయసుల నీకెందుకీ కొత్త నడుపుళ్లు? సార్ మాట సక్కగ ఇనరాదు?" అని ఆయన్నే తిట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "పిలగాడు బుగులు వడ్డట్టున్నడు" అంటూ, భయం తగ్గాలని నాకు చక్కెర ఎక్కువేసి చాయ్ ఇచ్చింది. ఆ చాయ్ నేను తాగాను.

కట్టు విప్పాక చాచా మణికట్టు సగం వరకే తిరిగింది. కొన్నాళ్లు కుడి చేత్తో ప్రయత్నించాడు, మళ్లీ ఎడమ చేత్తో ప్రయత్నించాడు. ఒకరోజు మధ్యాహ్నం మేడ మీద నాకు కింద నుంచి 'కిర్రు'మని చప్పుడు వినిపించింది. ఆ షాపులో అంతకుముందెప్పుడూ వినని చప్పుడు. నట్టు మర తెగింది. దిగి వెళ్లాను. చాచా పానా చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు. "నట్టు చెప్తనే ఉండొచ్చు సార్, నాకే ఇనబడ్తలేదు" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరు మెకానిక్‌లను పెట్టుకుని, తను స్టూలు మీద కూర్చుని, టైర్లకు గాలి కొట్టడం, సామాను అమ్మడం మొదలుపెట్టాడు. ఎవరైనా చెయ్యి గురించి అడిగితే అదే మాట: "సార్ తోని పోతుంటే వంగుడు మర్చిన." ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మెట్లు దిగేవాణ్ని, ఎవరో ఒక గిరాకీ ఉండేవాడు, మళ్లీ మెట్లెక్కేవాణ్ని. అలా ఉండగానే కరీంనగర్‌లో సర్కారీ కొలువు వచ్చింది. మిఠాయి డబ్బాతో పోయి చాచాకు, చాచికి దండం పెట్టి, సామాను కట్టుకుని వచ్చేశాను. మిఠాయితో పాటు ఇవ్వాల్సింది ఇవ్వలేదు.

అప్పటి నుంచి ఏటా వృత్తాకార చలనం పాఠం చెబుతున్నాను. ట్యాన్ థీటా ఈక్వల్ టు వీ స్క్వేర్ బై ఆర్ జీ. బోర్డు మీద రాసిన ప్రతిసారీ దాంట్లో నా ఒంటి కోసం వెతుకుతాను. దొరకదు. మనిషి వంగాడా, సీదాగా ఉన్నాడా అని ఆ సమీకరణం అడగదు. వంగాల్సిన వంపును మనిషీ బండీ ఎలా పంచుకున్నా దానికి ఫరవాలేదు. ఒకే మలుపులో నేల ఎంత పట్టుకోవాలో చెప్పేది వేగం ఒక్కటే, అదీ రెండింతలైతే నాలుగింతలుగా. చాచా షట్టర్ ముందు నిలబడి అడిగింది అదే. పొయ్యి బందు చెయ్యమని మా అవ్వ చెప్పింది కూడా అదే. ఇప్పుడు నేను బోర్డు మీద వీ అక్షరాన్ని జానెడు పొడుగు రాస్తాను. పిల్లలు నవ్వుకుంటారు. ఎందుకు సార్ అని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పాలనే ఉంది.

పోయిన ఏడు ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ నిర్మల్‌లో పడింది. పదమూడేళ్ల తర్వాత ఆ మెట్ల కింద నిలబడ్డాను. చాచా గడ్డానికి మెహిందీ పోయి మొత్తం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. (నా పొట్ట చూసి తికమక పడ్డాడని తర్వాత ఒప్పుకున్నాడు.) "అరే, వంగుడు సార్!" అని లేచి, పక్కనున్న గిరాకీకి నన్ను పరిచయం చేశాడు: "మస్తు నడుపుతుండె. ఒక్కపాలి నేనే ఎన్క వంగలే, ఇద్దరం పడ్డం." గిరాకీ వెళ్లిపోయేదాకా ఆగాను. ఇక ఆగితే మళ్లీ ఆగిపోతానని భయమేసింది.

"చాచా, ఆ దినం నువ్వు వంగినవ్. నీ గడ్డం నా చెవికి గుచ్చుకున్నది. తప్పంత నాది. స్పీడ్ నాది" అన్నాను.

చాచా స్టూలు మీద కూర్చున్నాడు. "తెల్సు సార్. ఎన్క కూసున్నది నేనే గద" అన్నాడు.

"మరి గట్ల ఎందుకు చెప్పినవ్?"

"నీ పిలగాండ్లు నిలవడి చూస్తుండ్రి. తెల్లారి లేస్తే గాళ్లకు నువ్వు సదువు చెప్పాలె. నా చెయ్యి ఎట్లైన ఇరిగింది, నీ ఇజ్జత్ గూడ ఇరగ్గొట్టుడెందుకు అనుకున్న." ఎడమ మణికట్టును కుడి చేత్తో రుద్దుకుంటూ, "కని, నువ్వొచ్చి చెప్తవేమోనని ఒక రెండేండ్లు చూసిన సార్. ఊరికి కాదు. నాకు" అన్నాడు. "తర్వాత మర్చిన."

కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ పూట అన్నం తినగలిగేవాణ్ని. ఆ రెండేళ్లూ నేను కరీంనగర్‌లో హాయిగా వీ స్క్వేర్ పాఠం చెప్పుకుంటున్నాను. అక్కడ ఒక మనిషి స్టూలు మీద కూర్చుని రోడ్డు వైపు చూశాడు. దీనికి ఏ లెక్కా లేదు. చాచాయే లేచాడు. "పా సార్, ఇంటి దాక దింపు. మీ చాచి నిన్ను చూస్తే ఖుష్ అయితది. నాకు ఇగ క్లచ్ పట్టరాదు" అని పాత బండి తాళం నా చేతిలో పెట్టాడు. ఎడమ చెయ్యి పోయినవాడికి క్లచ్ ఉండదన్న సంగతి పదమూడేళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

వాళ్ల కొత్త ఇల్లు ఇటుక బట్టీ దాటాక ఉందట. బట్టీ మూతబడింది, మలుపు మాత్రం అలాగే ఉంది. మక్కల కాలం కాదు, రోడ్డు ఖాళీ. అయినా వంద గజాల ముందు నుంచే ఎక్సలేటర్ తగ్గించాను. నడుము నిటారుగా పెట్టాను. ఎంత మెల్లగా పోయానంటే, పాల క్యాన్ల సైకిల్ ఒకటి గంట కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. మోకాలికి సబ్బు డబ్బా కట్టుకున్న ఆ వంగుడు సార్ ఎక్కడన్నా చూస్తుంటే ఎంత సిగ్గుపడేవాడో అనుకుని నవ్వొచ్చింది. పాపం, వాడికి ఏమీ తెలియదు. "జర ఎక్సలేటర్ ఇయ్యి సార్, చాచి కూర సల్లారుతది" అని వెనక నుంచి వినిపించింది. బండి మెల్లగా ఎడమకు వంగింది. అప్పుడు నా ఎడమ చెవికి మళ్లీ గుచ్చుకుంది, తెల్లటి గడ్డం.

"సూడు సార్, వంగుడు మర్వలే" అన్నాడు చాచా.

నాకు కళ్లు మసకబారాయి, ముందు రోడ్డు సరిగా కనిపించలేదు. రోడ్డు మీద ఏమున్నదో కనిపించనప్పుడు ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు. ఎక్సలేటర్ ఇంకొంచెం తగ్గించి, సీదాగా కూర్చున్నాను.